చేటెడు తవుడుకి అమ్మిన పిల్ల

మా చిన్నపిల్లను ఇరవై ఒకటో రోజున చేటెడు తవుడుకి అమ్మేశాం. కొన్నది దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఓ చిన్న ఊళ్ళో అడ్డాకులతో విస్తర్లు కుట్టే ముసలామె. అమ్మించింది మా అత్త. పక్కన గోడకి ఆనుకుని చూస్తూ కూర్చున్నది నేను, అంటే పిల్లను కన్నదాన్ని.

ఇదేమీ వింత సంగతి కాదు. కడుపున పుట్టినవాళ్ళలో ఒకరు దక్కకుండా పోతే, ఆ తరువాత పుట్టిన బిడ్డను ఇంకొకరికి అమ్మేయడం మా వైపు పాత అలవాటే. వెనకటి రోజుల్లో అయితే పెంట మీద పడుకోబెట్టి తీసుకునేవాళ్ళు, ఆ పెంట పేరే బిడ్డకి పెట్టేవాళ్ళు. ఇప్పుడు స్కూల్లో పిలవడానికి పేరు బాగుండాలి కాబట్టి అమ్మకం ఒక్కటే మిగిలింది. చావు మళ్ళీ వాకిట్లోకి వచ్చి ‘ఈ ఇంటి బిడ్డ ఏదీ’ అని అడిగితే, ‘ఇక్కడున్నది మా బిడ్డ కాదు, వేరేవాళ్ళది’ అని చెప్పుకోవడానికన్నమాట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే ఉంటుంది వింటే. కానీ ఒక బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన ఇంట్లో దీన్ని చూసి ఎవరూ నవ్వరు.

కొనే మనిషికి ఉండాల్సింది ఒక్కటే, కన్న బిడ్డలంతా దక్కి ఉండాలి. ఈ ముసలామె ఐదుగురిని కన్నది, ఐదుగురూ బతికారు. మా అత్త సంతలో ఆమె దగ్గర విస్తర్లు కొంటూ కొంటూ ఆ సంగతి తెలుసుకుంది. ఆమె కోయ మనిషి. తమలో తాము కోయలో మాట్లాడుకుంటారు, మాతో తెలుగే. మేమంతా ఆమెను అవ్వ అంటాం.

అడిగినప్పుడు అవ్వ నవ్వింది. “మీకు పిల్లలను అమ్ముకునుడు గూడ ఉన్నదా?” అంది. తరువాత మా అత్త మొహం చూసి నవ్వడం ఆపేసింది. మా చేటలో తవుడు పోసి, పిల్లను ఒళ్ళోకి తీసుకుని, తల వాసన చూసింది. ఆపైన తెచ్చి నా ఒళ్ళోనే పెట్టింది. “గిది నా పిల్ల. నువ్వు సాకుతున్నవ్. మంచిగ సాకు,” అంది.

“అవ్,” అన్నాను నేను.

అంతే, ఆ క్షణం నుంచి నేను కన్నతల్లిని కాను, పెంచేదాన్ని. మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు తవుడు తిరిగి ఇచ్చి బిడ్డను కొనుక్కోవాలి. అందుకు ఒక మాట ఉంది. ‘నా బిడ్డను నాకియ్యి’ అనాలి. తండ్రి అంటే చెల్లదు, నాయనమ్మ అంటే చెల్లదు, కన్నదాని నోటితోనే రావాలి. ఆ మాట నేను అనగలనా, లేదా అన్నదే ఆ తరువాత మూడేళ్ళూ నా ముందున్న సంగతి.

ఎందుకు అనలేనో చెప్పాలి. మాకు మొదట కొడుకు. వాడికి మూడేళ్ళప్పుడు పుట్టిన బాబు పదకొండో నెలలో వానాకాలం జ్వరంతో పోయాడు. దవాఖానాలో చేయాల్సిందంతా చేశారు, ఎవరినీ అనడానికి లేదు. ఆ రోజు నుంచి నాకు ఏడుపు రాలేదు. చుట్టాలు నన్ను పట్టుకుని ఏడ్చారు. నేను లేచి వాళ్ళకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. ‘దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉందమ్మా దీని వాలకం’ అని మా అత్త ఎవరితోనో అంటుంటే వంటింట్లోంచి విన్నాను. కోపం కూడా రాలేదు. ‘లోపల దాచుకోకు, బయటికి రానియ్యి’ అని మా అక్క ఫోన్లో చెప్పేది. దాచుకోవడానికి అక్కడ ఏమైనా ఉంటే కదా.

మళ్ళీ కడుపు పండినప్పుడు అందరూ సంతోషించారు. ఆడపిల్ల పుట్టిందని చెప్పి పక్కన పడుకోబెట్టారు. వేళ్ళు సరిగ్గా ఉన్నాయా అని చూశాను. ఉన్నాయి. అంతకు మించి నాకేమీ అనిపించలేదు. అందుకే ఆ అమ్మకం అందరికంటే నాకే బాగా కుదిరింది. పిల్ల నాది కాదని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాక, నాకు ఏమీ అనిపించకపోతే మాత్రం ఎవరడుగుతారు? పాలిచ్చాను, స్నానం చేయించాను, టీకాలు వేయించాను. కిరాయి ఇంటిని శుభ్రంగా ఉంచుకునే మనిషిలా ఉన్నాను.

కిరాయి మాట నాది కాదు, మా పెద్దోడిది. కాలనీలో ఎవరైనా “మీ చెల్లె మంచిగున్నదా?” అని అడిగితే వాడు చాలా శ్రద్ధగా సరిదిద్దేవాడు. “మా చెల్లె కాదు. అవ్వ పిల్ల. మా ఇంట్ల కిరాయికి ఉంటది.”

మాది బొగ్గు కాలనీ. మా ఆయన ఓపెన్‌కాస్ట్‌ గనిలో డంపర్ నడుపుతాడు. వారమంతా నల్లమట్టి చూసి చూసి, సెలవు రోజు వస్తే ఇంట్లో నిలవడు. “పచ్చటిది చూడకుంటే నా కండ్లు పోతయే,” అంటాడు. బాబు ఉన్నప్పుడూ అంతే, పోయాకా అంతే. ఆయన దుఃఖం ఆయన కాళ్ళలోకి దిగిందనుకుంటాను, ఒకచోట కూర్చోలేడు. పెద్దోణ్ణి బండి ట్యాంకు మీద, చిన్నదాన్ని మా ఇద్దరి మధ్య పెట్టుకుని, సారపాక దాటి, గోదావరి వంతెన ఎక్కి, భద్రాచలం బజార్లో అరటిపళ్ళు కొని, దుమ్ముగూడెం రోడ్డు పట్టుకునేవాళ్ళం. ఆ దారి నాకిప్పుడు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది.

అంత తరచుగా ఎందుకు వెళ్ళేవాళ్ళమంటే, దానికీ మా అత్త పెట్టిన పద్ధతే కారణం. ఆమెది పెనుబల్లి పక్క ఊరు. అక్కడ బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు చేసి పంచాల్సిందే. పెద్దోడికీ బాబుకీ కాలనీ అంతా పంచింది. చిన్నది మొదటిసారి నవ్విన రోజు నేను నువ్వులు వేయించబోతే వచ్చి స్టవ్ ఆర్పేసింది.

“ఇక్కడ చేస్తావేంటే? మన పొయ్యి మీద చేస్తే మన పిల్లేనని చాటింపు వేసినట్టు కాదూ?” అంది.

అదీ నిజమే. అందుకని నువ్వులూ బెల్లమూ మూటగట్టి మమ్మల్ని అవ్వ ఇంటికి పంపింది. మోకాళ్ళ నొప్పులతో తను రాలేకపోయేది. అవ్వ తన వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి ముట్టించి, “నవ్వితే తినుడేంది? మా పిల్లలు ఊకెనే నవ్వుతరు,” అంటూనే నువ్వులు వేయించింది. వాళ్ళ వాడలో పిల్లలందరూ చేరారు. అప్పటినుంచి చిన్నది ఏ కొత్త పని చేసినా మాకు అడవి ప్రయాణమే.

అవి మంచి రోజులని మా ఆయన అంటాడు. ఫోన్లో వీడియోలు ఉన్నాయి. వాగు ఒడ్డున బండి ఆపి, పెద్దోడికి నీళ్ళ మీద రాయి ఎగిరించడం నేర్పిస్తుంటాడు. తొలకరికి ఎర్ర మట్టిలోంచి ఆరుద్ర పురుగులు బయటికొస్తే ఇద్దరూ వాటి వెనక మోకాళ్ళ మీద పాకుతుంటారు. ఒకదాంట్లో నేను గోదావరి ఇసుకలో కూర్చుని చిన్నదాన్ని రెండు చేతులా పైకెత్తి నవ్వుతున్నాను. ఆ వీడియో చాలాసార్లు చూశాను. అది నేనే, చీర నాదే. నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఎవరైనా ఫోన్ ఎత్తగానే మనిషి మొహం దానంతటదే నవ్వడం నేర్చుకుంటుందేమో.

అరిసెల పిండి తీసుకుపోయిన రోజు గుర్తుంది. నిజానికి అడుగులు ఇంకా పడలేదు. గోడ పట్టుకుని నిలబడుతోంది, ఇవాళో రేపో అని మా అత్త ముందే పిండి కొట్టించి పంపింది. అవ్వ వాకిట్లో అడ్డాకుల కట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. చిన్నది ఒక కట్ట పట్టుకుని లేచింది, వదిలింది, అవతలి కట్ట దాకా నడిచి దాని మీద పడింది. మా ఆయన ఈల వేశాడు. పెద్దోడు “అవ్వా, నీ పిల్ల నడిచింది!” అని అరిచాడు. అవ్వ కుడుతున్న విస్తరి పక్కన పెట్టి, పిల్లను ఎత్తుకుని, దాని పాదాలకి అంటిన మట్టిని తన కొంగుతో తుడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా చేతులు ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే చూస్తూ ఉన్నాను. బాబు గోడ పట్టుకుని నిలబడటం దాకా వచ్చాడు, నడవలేదు. ఇది నడిచింది. ఇక్కణ్ణుంచి అంతా వాడు పోని దారి. ఆ ఆలోచన వచ్చి, ఏ బాధా పెట్టకుండానే పోయింది. అరిసెలు మెత్తగా వచ్చాయి, నాలుగు తిన్నాను.

తిరిగి వస్తూ మా ఆయన అడిగాడు. “సంతోషంగ లేదా నీకు?”

“ఉంది,” అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. అబద్ధమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, కానీ నడిరోడ్డు మీద బండి ఆపి తేల్చుకునే విషయం కాదు కదా.

మూడో ఏడు వచ్చింది. పుట్టువెంట్రుకలు పిల్ల కళ్ళ మీద పడుతున్నాయి. మా అత్త గుర్తుచేయడం మొదలుపెట్టింది. నేను పంచాంగం చూడటం మొదలుపెట్టాను. జీవితంలో ఎప్పుడూ పంచాంగం తెరవనిదాన్ని, అప్పుడు అందులో దొరికినన్ని అడ్డంకులు ఏ పంతులికీ దొరికి ఉండవు. ఒకసారి మూఢం. ఒకసారి శూన్యమాసం. ఒకసారి మా ఆయన షిఫ్ట్. ఒకసారి వాగు పొంగింది, అది మాత్రం నిజం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని మా అత్త మొహం మీదే అంది. అననివ్వండి. కొనుక్కుంటే పిల్ల నాదవుతుంది. నాదైతే పోవడానికి వీలవుతుంది. అవ్వ పిల్లగా ఉన్నన్నాళ్ళూ దాన్ని నానుంచి ఎవరూ తీసుకుపోలేరు, ఎందుకంటే అది నా దగ్గర లేదు. ఇంత స్పష్టంగా అప్పుడు అనుకోలేదు, కానీ ఒంటికి తెలుసు.

చివరికి ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం మా ఆయన నన్నడక్కుండానే తవుడు సంచి బండికి తగిలించాడు. “ఇయ్యాల కొనుక్కుందాం. వారం తర్వాత భద్రాచలంల గోదావరి ఒడ్డున వెంట్రుకలు తీపిద్దాం. ఇగ మూఢం గీఢం అనకు,” అన్నాడు. సరే అన్నాను. తప్పించుకోవడానికి కూడా కొంచెం ఓపిక కావాలి, ఆ రోజు అదీ లేదు.

అవ్వ ఇంటి వెనక మామిడిచెట్టు ఉంది. గాలికి రాలిన కాయలు కింద పడి ఉన్నాయి, ఒక్కటీ ఎవరూ తీయలేదు. వాళ్ళ ఊళ్ళో కొత్త మామిడికాయల పండుగ చేసి, ముందు దేవతకి పెట్టాకే ఎవరైనా కాయ ముట్టాలి. అప్పటిదాకా చిన్నపిల్లలు కూడా కొరకరు. పండుగ ఇంకా మూడు రోజులుంది. వెళ్ళగానే అవ్వ చెప్పింది. “కాయలు రాలినయ్, పండుగ గాలే. ముట్టకుండ్రి బిడ్డా.” మా పెద్దోడు బుద్ధిగా తలూపాడు. మా ఆయన తవుడు సంచి గుంజకి ఆనించి పెట్టాడు. అవ్వ దాన్ని చూసింది, నన్ను చూసింది, నీళ్ళు తేవడానికి పోయింది.

కాసేపటికి ఇంటి వెనక పిల్లల గోల. వెళ్ళి చూస్తే చిన్నది చెట్టు కింద కూర్చుని రెండు చేతులా మామిడికాయ పట్టుకుని కొరుకుతోంది. పులుపుకి మొహమంతా ముడుచుకుని, మళ్ళీ కొరుకుతోంది. ఊరి పిల్లలు దూరంగా నిలబడి చూసి అరుస్తున్నారు. కాయ ఇచ్చింది మా పెద్దోడు.

“ముట్టద్దని చెప్పలేదారా?” అన్నాడు మా ఆయన.

“నేను తినలే. నాకు తెల్వదా?” అన్నాడు వాడు. “గామెది గీ ఊరే గదా. చెట్టు అవ్వది, పిల్ల అవ్వది. మరి తింటే ఏమైతది?”

వాడి తర్కంలో తప్పేమీ లేదు, తిరగబడి ఉందంతే. మేము తింటే బయటివాళ్ళమని వదిలేస్తారు. ఆ ఊరి పిల్ల తినడమే తప్పు.

కబురు ఊరి పెద్దకి చేరింది. ఆయన వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. కోపంగా లేడు. నెమ్మదిగా, మాకు అర్థం కావాలని తెలుగులోనే అడిగాడు. “ఈ పిల్ల ఎవరిది?”

ఆయన విడమరిచి చెప్పాడు. బయటి పిల్ల అయితే పేచీ లేదు, మీ దారిన మీరు పోవచ్చు. ఊరి పిల్ల అయితే పిల్ల తల్లి దేవతకి కోడిని పెట్టి చెప్పుకోవాలి, పండుగ అయ్యేదాకా పిల్ల పొలిమేర దాటకూడదు.

“మాదే,” అన్నాడు మా ఆయన. “కొనుక్కుందామనే వచ్చినం. తవుడు గూడ తెచ్చినం, గిదిగో.”

“కొన్నరా?”

“లేదు. ఇంకా కొనలే.”

“మరి కొనుండ్రి,” అన్నాడు ఆయన. “తిన్నప్పుడు ఎవరిదైనా, పోయేటప్పుడు మీదైతే నేను ఆపను.” చాలా మర్యాదైన మాట. ఒక నిమిషంలో అయిపోయే పని. మా ఆయన చేట నా చేతికిచ్చి సంచి మూతి విప్పి తవుడు పోశాడు. అందరూ నావైపు తిరిగారు. చిన్నది అవ్వ పక్కన నిలబడి టెంక నాకుతోంది. గడ్డం మీద నుంచి రసం కారుతోంది.

నేను నోరు తెరిచాను. ‘నా బిడ్డను’ అన్నంత వరకు లోపల వచ్చింది. బయటికి రాలేదు. గొంతు పట్టేయడం, కన్నీళ్ళు, అలాంటివి ఏమీ లేవు. కరెంటు పోయిన ఇంట్లో స్విచ్ నొక్కినట్టుంది. మళ్ళీ నొక్కాను. మా ఆయన “అనవే,” అన్నాడు. ఇంకోసారి, గొంతు తగ్గించి, “అనరాదే,” అన్నాడు.

అవ్వ లేచి నా చేతిలో చేట తీసుకుని కింద పెట్టింది. “ఇయ్యాల వద్దు,” అంది ఊరి పెద్దతో. “నా పిల్లే తిన్నది. కోడి నేను పెడత. పండుగ దాక నా దగ్గరనే ఉంటది.” ఆ తరువాత కోయలో ఏదో చెప్పింది. ఆయన తలూపి లేచి వెళ్ళిపోయాడు.

మా ఆయనకి తెల్లారి ఫస్ట్ షిఫ్ట్. పిల్లను వదిలి బయల్దేరాం. చిన్నది మాకు చెయ్యి ఊపింది, ఆటనుకుంది. నిజం చెప్పాలంటే, బండి ఎక్కాక నాకు ఒళ్ళు తేలికైంది. మా ఇద్దరి మధ్య పిల్ల ఉండే చోట గాలి ఆడుతోంది. ఇలాగే ఉండిపోతే బాగుండును, మూడు రోజులు కాదు, ఎప్పటికీ, అని కూడా అనుకున్నాను. ట్యాంకు మీద కూర్చున్న పెద్దోడు వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు.

దుమ్ముగూడెంలో టీ కొట్టు దగ్గర ఆగాం. మా ఆయన టీ తెచ్చుకుని దూరంగా రోడ్డు వైపు తిరిగి తాగుతున్నాడు. పెద్దోడు బిస్కట్ వద్దన్నాడు, సోడా వద్దన్నాడు. తల వంచుకుని నా పక్కన నిలబడ్డాడు.

“నేనే కాయ ఇచ్చిన,” అన్నాడు.

“పర్లేదులే. నీకు తెలియక ఇచ్చావు.”

“అవ్వకు చెప్పినవా మరి?”

“ఏం చెప్పాలి?”

“చెల్లె పండుకునేటప్పుడు చెవి పట్టుకుంటది గదా. చెవి లేకుంటే పండుకోదు.”

చెల్లె అన్నాడు. అది విన్నాను. కానీ అడిగింది ఇంకొకటి. “ఎవరి చెవి?”

వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “నీదే. నీకు తెల్వదా? నా చెవి ఇస్తే చెయ్యి తీసేస్తది. నాయినది గూడ వద్దంటది. నానమ్మది అసలే పట్టది. నీదే పట్టుకుంటది, రోజు. నువ్వు ఫోన్ చూసుకుంట పండుకుంటవ్ గదా, అప్పుడు.”

చెయ్యి ఎత్తి నా చెవి పట్టుకుని చూసుకున్నాను. రోజూ ఎవరో పట్టుకునే చెవి. నేను ఎన్నడూ ఇవ్వలేదు, అది అడగనూ లేదు, వచ్చి తీసుకునేది. ఇప్పుడు పొద్దు వాలుతోంది. ఇంకాసేపటికి దానికి నిద్రొస్తుంది, చెయ్యి చాపుతుంది. ఎవరి చెవి దొరుకుతుంది? అనుకున్నానో లేదో, దాని వెనకే ఇంకొకటి వచ్చింది. జ్వరమొస్తే? ఎండలో పచ్చికాయ తిన్నది, రాత్రికి ఒళ్ళు కాలితే? అక్కణ్ణుంచి దవాఖానా ఎంత దూరం? బల్ల మీద కూలబడ్డాను. బాబును దవాఖానాకి తీసుకుపోతున్న ఆటోలో పడ్డ భయం అది. అన్నేళ్ళూ ఎక్కడికి పోయిందో, తప్పిపోయిన పశువు ఇంటికి వచ్చినట్టు తిన్నగా వచ్చేసింది.

“బండి తిప్పు,” అన్నాను.

మా ఆయన వినలేదు. లేచి వెళ్ళి ఆయన చేతిలో టీ గ్లాసు లాగేసి పక్కన పెట్టాను. “బండి తిప్పు. జల్దీ.”

మళ్ళీ అడవి దారి పట్టాం. తాబేలులా నడుపుతున్నావని ఆయన్ని తిట్టాను. గుంతలో పడితే తిట్టాను. పెళ్ళయ్యాక అన్ని తిట్లు ఎప్పుడూ తిట్టలేదు. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. అద్దంలో చూస్తే నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు, రెండూ ఒకేసారి.

మేము చేరేసరికి వెలుతురు ఇంకా కొంచెం ఉంది. వాకిట్లో అవ్వ పిల్లను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. చిన్నది ఎక్కిళ్ళు పెడుతూ అవ్వ చెవి పట్టుకోవడం, పోగు తగలగానే వదిలేసి ఏడవడం, మళ్ళీ పట్టుకోవడం. నేను బండి ఆగకముందే దిగాను.

“నా బిడ్డను నాకియ్యి,” అన్నాను. అరిచాననుకుంటాను. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు.

అవ్వ ఆగింది. “తవుడు ఏది?” అంది.

చేట బోర్లించి ఉంది. తవుడు లేదు.

“కోళ్ళకేసిన. రేపు ఒకదాన్ని పెట్టాలె గదా. ఇగ దేంతోని కొంటవ్?”

ఆమె చేతుల్లోంచి పిల్లను లాక్కున్నాను. అది నా మెడకి చుట్టుకుని, తడిచేత్తో తడుముకుని, నా చెవి పట్టుకుంది. ఎక్కిళ్ళు ఆగిపోయాయి. నేను దాని నుదురు పట్టుకుని చూశాను, పొట్ట చూశాను, అరికాళ్ళు చూశాను. “అవ్వా, ఒళ్ళు వేడిగా ఉంది,” అన్నాను. “అవ్వా, జ్వరం వచ్చింది దీనికి, నువ్వు చూడు, కాలిపోతోంది.” నాకు ఏడుపు వచ్చేసింది. నిలబడి, అందరి ముందు, నోరు తెరుచుకుని ఏడ్చాను. పిల్ల కోసమే ఏడ్చానో, బాబు కోసం ఏడ్చానో, అప్పుడు విడదీసి చూసే స్థితిలో లేను.

అవ్వ పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. తరువాత అదే చెయ్యి తెచ్చి నా మెడ కింద పెట్టి చూసింది.

“జ్వరం లేదు, ఏం లేదు. ఎండకాలం, ఏడ్చి ఏడ్చి ఉన్నది,” అంది. “ఐదుగురు ఊకెనే దక్కిన్రనుకుంటున్నవా నాకు? పెద్దయ్యేదాక నేను గిట్లనే ఒళ్ళు పట్టి సూసుకుంట తిరిగిన.” నా కొంగు తీసి నా మొహం తుడిచింది. “తవుడు అక్కెర లేదు. ఇగ గిది నీ పిల్లే.”